ద్వంద్వయుద్ధంతో తీర్పు: మధ్యయుగ యూరప్‌ది మూర్ఖత్వమేనా?

నల్లరేగడి:
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా. మధ్యయుగంలో యూరప్ కోర్టులు సాక్ష్యంతో తేలని కేసుల్లో ఇద్దరినీ కొట్టుకోమనేవి, గెలిచినవాడిదే న్యాయం, దేవుడు నిజం ఉన్నవాడి వైపే ఉంటాడని లెక్క. అందరూ అనాగరికం అని కొట్టిపారేస్తారు, నాకు అలా అనిపించదు. ఇంగ్లండ్‌లో భూమి తగాదా అయితే పొద్దున మొదలుపెట్టి చుక్కలు పొడిచేలోపు తేల్చాలి. అప్పటిదాకా ప్రతివాది తరఫు మనిషి నిలబడితే భూమి ప్రతివాదిదే. పక్క చేనాయన సర్వే రాయి పీకి మా చేలోకి జరిపి పాతితే మా నాన్న 2004లో కేసు వేశారు. ఇప్పటికీ వాయిదాలే. ఎవరు అనాగరికులు, చెప్పండి.

పాతకాగితాలు:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ ఆ ఒక్క రోజు లెక్క తప్పు. కొట్లాట ఒక్క రోజు, కేసు కాదు. 12వ శతాబ్దంలో అక్కడ భూమి దావా పడ్డవాడు జబ్బుతో మంచాన పడ్డానని కబురు పెట్టేవాడు. కోర్టు నలుగురు నైట్లను, అంటే రాజు కొలువులోని గుర్రపు యోధులను, పంపేది, వాళ్ళు ఇంటికి వెళ్ళి మంచం మీద మనిషిని చూసి నిజమే అంటే ఏడాది మీద ఒక రోజు వాయిదా. 1179లో రెండో హెన్రీ ప్రతివాదికి వేరే దారి కూడా ఇచ్చాడు, కొట్లాట వద్దనుకుంటే పన్నెండుమంది స్థానిక నైట్లు ప్రమాణం చేసి భూమి మీద హక్కు ఎవరిదో చెబుతారు.

దేవుడి మీద నమ్మకం అంటారా, అప్పటివాళ్ళలోనే అనుమానం ఉంది. ఇటలీని ఏలిన లొంబార్డుల రాజు లియుత్‌ప్రాండ్ 731లో తన చట్టంలోనే రాయించాడు: దేవుడి తీర్పు సంగతి మాకు ఖాయంగా తెలియదు, కొట్లాటలో అన్యాయంగా ఓడినవాళ్ళ గురించి చాలా విన్నాం, కానీ మా జాతి ఆచారం కాబట్టి తీసేయలేం అని. రాజే అలా అంటుంటే మనం దాన్ని న్యాయం అనడం ఏమిటి?

కొండగాలి:
పల్నాట్లో కోడిపందెం మీద రాజ్యం పోయింది కదా, అదీ ఇలాంటిదేనా?

పాతకాగితాలు:
కాదండి. అది పందెం, ముందే ఒప్పుకుని కాసింది. ఇక్కడ కోర్టు ఆదేశించి, తీర్పుగా రాసుకుంటుంది.

నల్లరేగడి:
పాతకాగితాలు గారూ, మంచం సంగతి సరే. చుక్కలు పొడిస్తే అయిపోయిందా లేదా? దానికి జవాబు చెప్పండి.

పాతకాగితాలు:
అయిపోయింది. కానీ ఎవరు కొట్టుకున్నారో చూడండి. భూమి కేసులో వాది తానే బరిలోకి దిగకూడదు, తన తరఫున కొట్టుకునే మనిషిని, అంటే ఛాంపియన్‌ను, పెట్టాలి. చేతిలో కర్ర, నలుచదరపు తోలు డాలు. ఆ ఛాంపియన్ ఈ భూమి వాళ్ళ ఆధీనంలో ఉండగా నేనో మా నాన్నో కళ్ళారా చూశాం అని ప్రమాణం చేయాలి. పేరుకు సాక్షి, నిజానికి చాలాచోట్ల కిరాయి మనిషి. దొంగ ప్రమాణాలు ఎంత పెరిగాయంటే 1275లో కళ్ళారా చూశామన్న ఆ మాటనే ప్రమాణం నుంచి తీసేస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. మీ పక్క చేనాయన దగ్గర డబ్బు ఎక్కువ ఉంటే మంచి కర్రసాము వాడిని తెచ్చుకుంటాడు, మీ నాన్నగారి భూమి ఒక్క రోజులో పోతుంది.

నల్లరేగడి:
ఇప్పుడు లేదా అది? వాళ్ళు ఇద్దరు లాయర్లను పెట్టుకున్నారు, మేం ఒక్కరికే ఫీజు కట్టలేక బర్రెను అమ్మాం. డబ్బున్నవాడే గెలిచేట్టయితే త్వరగా గెలవనివ్వండి, ఇంట్లో మిగిలినవాళ్ళు వేరే పని చూసుకుంటారు.

వేపనీడ:
భూమి గురించే మాట్లాడుతున్నారు. ఫ్రాన్స్‌లో మార్గరీత్ ద కరూజ్ అనే ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదే. 1386 జనవరిలో భర్త ఊళ్ళో లేనప్పుడు, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు జాక్ ల గ్రీ తనను చెరిచాడని ఆమె చెప్పింది. ఆ ప్రాంతపు ప్రభువు, కౌంట్ అనేవారు, ఆయన దర్బారు కేసు కొట్టేసింది, ల గ్రీ ఆ కౌంట్‌కి బాగా కావాల్సినవాడు. భర్త పారిస్ దాకా వెళ్ళి యుద్ధానికి అనుమతి తెచ్చుకున్నాడు. డిసెంబర్ 29న వేల మంది ముందు ఆమె నల్లబట్టలు కట్టుకుని కూర్చుంది. భర్త ఓడితే ఆమె అబద్ధం చెప్పినట్టే, అక్కడే బతికుండగా కాల్చేస్తారు. అతను తొడకి దెబ్బ తగిలినా ల గ్రీని పడగొట్టి చంపాడు కాబట్టి ఆమె బతికింది. ఆమె మాట నిజమో కాదో భర్త చేతి బలాన్ని బట్టి తేలింది. ఇది ఎలా ఉందండీ?

తాటిముంజె:
జర్మనీలో ఆడవాళ్ళే స్వయంగా కొట్టుకునే బొమ్మలున్నాయి. 15వ శతాబ్దంలో తాల్‌హోఫర్ అనే కత్తిసాము గురువు పుస్తకంలో మగవాడిని నడుం లోతు గుంటలో నిలబెడతారు, ఆమె చేతిలో గుడ్డలో చుట్టిన రాయి.

నల్లరేగడి:
ఆమె గెలిచింది కదా! సాక్షులు లేరు, కింది దర్బారు కొట్టేసింది, ఆ కొట్లాట లేకపోతే ఆమెకు దారే లేదు. మీరు చెప్పిందే నా మాటకు బలం.

వేపనీడ:
గెలిచింది ఆమె కాదు. ఎంత తేలిగ్గా అనేశారు. మా ఆఫీసులో ఒకాయన మీద నేను కంప్లైంట్ ఇచ్చా, సాక్షులున్నారా అన్నారు, గదిలో ఇద్దరమే ఉన్నాం అన్నా. రెండు నెలల తర్వాత నన్ను వేరే బ్రాంచికి మార్చి ఫైలు మూసేశారు. త్వరగా ముగిసింది, మీరు కోరుకున్నట్టే. అయిపోయిందండీ, ఒక్క సంతకంతో. ఇప్పటికీ అతని పేరు వింటే నాకు చేతులు చల్లబడతాయి.

పాతకాగితాలు:
మీరు చెప్పింది చదివాక రాయబుద్ధి కాలేదు, కానీ ఒక్క మాట. ల గ్రీ లాయరు జాన్ ల కోక్ తన నోట్సులో ఈ కేసులో అసలు ఏం జరిగిందో ఎవరికీ నిజంగా తెలియదని రాసుకున్నాడు. యుద్ధం అయిపోయాక రాసిన మాట అది.

అలాగే ఇంగ్లండ్‌లో 1817లో మేరీ ఆష్‌ఫర్డ్ అనే అమ్మాయి చనిపోయిన కేసు. ఆమెను చంపాడన్న కేసులో జ్యూరీ వదిలేసిన థార్న్‌టన్‌ను ఆమె అన్న మళ్ళీ కోర్టుకు లాగితే అతను చేతి తొడుగు నేలకేసి కొట్టి యుద్ధానికి రమ్మన్నాడు. ఆ పాత చట్టం ఇంకా బతికే ఉందని 1818లో జడ్జీలు ఒప్పుకోక తప్పలేదు. బక్కపల్చని అన్న వెనక్కి తగ్గాడు, థార్న్‌టన్ బయటికి నడిచాడు. పార్లమెంటు 1819లో దాన్ని రద్దు చేసింది.

నల్లరేగడి:
వేపనీడ గారూ, తప్పుగా అన్నాను, క్షమించండి. కానీ నాకు ఇప్పుడు ఒకటి అర్థమైంది. రాయి ఎక్కడుండేదో నాకు తెలుసు, పక్క చేనాయనకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. కోర్టు నాకు కొత్తగా నిజం చెప్పక్కర్లేదు. మా నాన్న బతికుండగా అయిపోవాలి, అంతే.

వేపనీడ:
నాకు అయిపోవడం అక్కర్లేదండీ. ఎవరో ఒకరు, అధికారం ఉన్నవాళ్ళు, జరిగింది జరిగిందని ఒక కాగితం మీద రాస్తే చాలు. పదేళ్ళు పట్టినా తిరుగుతా.

తాటిముంజె:
అరవై దాటినవాళ్ళు అక్కడ కొట్లాట వద్దనొచ్చని ఎక్కడో చదివాను, నిజమేనా?

పాతకాగితాలు:
నిజమే, క్రిమినల్ కేసుల్లో. ఆడవాళ్ళు, పూజారులు, గుడ్డివాళ్ళు, అరవై దాటినవాళ్ళు జ్యూరీ అడగొచ్చు. నల్లరేగడి అన్నా, నాన్నగారి వయసెంత?

నల్లరేగడి:
డెబ్బై ఎనిమిది. వచ్చే నెల 14న వాయిదా ఉంది, ఇప్పటి నుంచే చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు.