సోలార్ స్టాండు ఎత్తుకు మున్సిపల్ అభ్యంతరం: ఏ కాగితం చూపించాలి?

తెలంగాణలో మాది పర్మిషన్ ఉన్న జీ ప్లస్ వన్ ఇల్లు. ఇంటి పైకప్పు సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు అప్లై చేశాను. 10 కిలోవాట్ల లోపు కాబట్టి కరెంటు వాళ్ల వైపు ఫీజిబిలిటీ (సాంకేతికంగా కుదురుతుందా అనే పరిశీలన) ఇబ్బంది రాలేదు. చిక్కంతా డాబా మీద ప్యానెళ్లను మోసే స్టాండు దగ్గరే. ముందు 7, వెనక 9 అడుగుల ఎత్తులో జీఐ పైపులు నిలబెడుతుంటే, అది అదనపు అంతస్తు కిందకి వస్తుందని, రివైజ్డ్ ప్లాన్ కావాలని టౌన్ ప్లానింగ్ సిబ్బంది ఆపించారు. అంతా నోటిమాటే, నోటీసు ఇవ్వలేదు.

చుట్టూ గోడల్లేవు, పైన రేకుల్లేవు, ప్యానెళ్ల సందుల్లోంచి వాన నేరుగా కిందపడుతుంది. ఇది గది ఎలా అవుతుంది? డ్రాయింగు, స్ట్రక్చరల్ ఇంజినీరు లెటరు ఇచ్చినా పక్కన పెట్టేశారు. వెండరేమో 2 అడుగులకు దించుదామంటున్నాడు. అలా చేస్తే మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతుంది.

ఇలాంటి ఎత్తు స్టాండుకు మున్సిపాలిటీలో ఒప్పించినవాళ్లు ఏ జీవో లేదా ఏ పత్రం చూపించారు?