వరద మైదానం మ్యాపుకి డ్రోన్ ఒక్కటే చాలా?

ఏటిగట్టు:
ఏటి పక్క పల్లెల్లో 12 చదరపు కిలోమీటర్ల ముంపు నేలకి అర మీటరు కాంటూర్లతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో) మ్యాపు చేయాలి. డబ్బు తక్కువ. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం నేల ఎత్తుల డేటాతో లాగించేద్దామని ఒకరు, డ్రోన్ ఎగరేస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. ఎత్తులు కొలిచే లెవెల్ మెషిన్ మోసుకుని పొలాల్లో తిరగడం ఇంకా అవసరమా?

లేజర్‌చూపు:
ఎస్‌ఆర్‌టీఎం సంగతి మర్చిపోండి. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన డేటా అది. 30 మీటర్లకో గడి, ఎత్తులో తేడాలు మీటర్లలో. చదును నేలలో చెట్ల తోపు కూడా గుట్టలా కనిపిస్తుంది. డ్రోన్ మీద లైడార్ (లేజర్ కిరణాలతో నేల ఎత్తు కొలిచే పరికరం) పెట్టండి, రోజుల్లో పని అయిపోతుంది. లెవెల్‌తో 10 మీటర్లకో పాయింటు తీస్తే లక్షా 20 వేల పాయింట్లు. ఎప్పటికి తెమిలేను?

స్టాఫ్‌మన్:
అన్ని పాయింట్లు తీయమన్నదెవరండీ? వరద నీళ్లు గ్రిడ్ చూసుకుని పారవు. గట్టు తల ఎంత, అది ఎక్కడ కుంగింది, తూము అడుగు ఎంత, ఇవి కావాలి. పైనుంచి చూస్తే రోడ్డు అడ్డుగోడే, దాని కింద తూము కనబడదు. వరద ఎలా పారుతుందో చూపే కంప్యూటర్ మోడల్లో నీళ్లు రోడ్డు ఇవతలే చెరువులా నిలబడిపోతాయి. మామూలు లైడార్ వాడే ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని నీళ్లు మింగేస్తాయి కాబట్టి ఏటి అడుగూ రాదు. ఆకుపచ్చ లేజర్ అయితే దిగుతుంది గానీ నీళ్లు తేటగా ఉండాలి. వరద ఏరు తేటగా ఉండటం మీరెప్పుడైనా చూశారా?

లేజర్‌చూపు:
తూముల దగ్గర డీఈఎంని (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపుని) కోసి దారి ఇవ్వొచ్చు. దాని కోసం ఊరంతా కొలవాలా?

అతుకుబాధితుడు:
కోయడానికి ముందు తూము ఎక్కడుందో తెలియాలిగా! నా అనుభవం చెప్తా. మాకు మ్యాపు చేసిచ్చినవాళ్లు రెండు రోజులు డ్రోన్ ఎగరేసి, రెండు ముక్కలూ కలిపి ఇచ్చారు. మోడల్ నడిపితే పొలాల మధ్య ఒక గీత దగ్గర నీళ్లు ఆగిపోతున్నాయి. పాత గట్టేమో అనుకుని వెళ్లి చూస్తే అక్కడ గట్టూ లేదు గిట్టూ లేదు, బల్లపరుపు నేల. రెండో రోజు బేస్ జీపీఎస్‌కి (డ్రోన్ కొలతలకి ఆధారంగా నేల మీద నిలిపేదానికి) ఎత్తు తప్పు ఇచ్చారు, అతుకు దగ్గర 18 సెంటీమీటర్ల మెట్టు పడింది. కొండ మీదైతే ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ మాత్రం ముంపు గీతే మారిపోయింది. ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి ఆటో లెవెల్‌తో లైను లాగితే అప్పుడు దొరికింది.

ఏటిగట్టు:
అయితే డ్రోన్ ఎగరేసి, గట్లు, తూములు, ఏటి క్రాస్ సెక్షన్లు (ఏటికి అడ్డంగా కోసినట్టు తీసే కొలతలు) మాత్రం కింద కొలిపిస్తా. పంట కోశాకే ఎగరేయాలంటారా?

లేజర్‌చూపు:
కోశాకే. కెమెరా డ్రోన్ అయితే మరీనూ, అది పంట తలనే నేల అంటుంది. అయినా నేను ఒప్పుకునేది సగమే. మీ స్టాఫ్ (కొలత కర్ర) పాయింట్లు నా లైడార్‌ని సరిచూడటానికే.

స్టాఫ్‌మన్:
మీ లైడార్ నా పాయింట్ల మధ్య ఖాళీలు పూడ్చడానికే, అలా అనుకుందాం. ఏటిగట్టు గారూ, ఎలాగూ స్టాఫ్ పట్టుకెళ్తారు కదా, పాత గోడల మీద పోయినసారి వరద మరకలుంటాయి. సున్నం వేసేయకముందే వాటికీ రీడింగ్ తీసుకోండి.