బెగెరెఫ్తా, బెరఫ్తా? యజ్ద్‌లో విన్న హాఫిజ్ పాదం

ఎడారిదారి:
ఇరాన్‌లో యజ్ద్ ఊరు వెళ్లొచ్చినప్పటి నుంచి ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, సగమే గుర్తుంది, చస్తున్నాను. పాత ఊళ్లో పన్నెండు ఇమాముల సమాధి పక్కన సికందర్ జైలు అని ఒక గుమ్మటం కట్టడం ఉంది కదా. అలెగ్జాండర్ తన ఖైదీల్ని పడేసింది ఇక్కడే అంటారు, కట్టడం మాత్రం 13వ శతాబ్దపు మదరసా. వాకిలి మధ్యలో మెట్లు దిగితే కింద బావిలాంటి చల్లటి గది. అక్కడ టికెట్లు చూసే పెద్దాయన "హింద్?" అని అడిగి, అవునంటే సంతోషపడి, షీరాజ్ ఊరి పారసీ కవి హాఫిజ్ పాదం ఒకటి చదివాడు. "దెలమ్ అజ్ వహ్షతె జెందానె సెకందర్ బె..." సరిగ్గా చివరి మాట దగ్గర సందులోంచి ఎవరిదో మోటార్ సైకిల్. బెగెరెఫ్త్ అన్నాడా, బెరఫ్త్ అన్నాడా? ఒకటైతే మనసుని ఏదో పట్టుకుంది, ఇంకొకటైతే మనసు వెళ్లిపోయింది. రెండో పాదం తెలుసు, మూట కట్టుకుని సులైమాన్ రాజ్యానికి పోతాను అనేది. ఫోటో కింద తెలుగులో ఒక్క ముక్క రాద్దామని అడుగుతున్నా.

పాతబస్తీ:
అన్నా, అనుమానమే లేదు, బిగిరిఫ్త్. గిరఫ్తార్‌లో ఉన్నది అదే. పోలీసులు పట్టుకుంటే గిరఫ్తార్, బాధ పట్టుకుంటే దిల్‌గీర్. ఇరాన్‌లో బెగెరెఫ్త్ అంటారు, మన దిక్కు చదివేటోళ్లు బిగిరిఫ్త్ అంటారు, అంతే తేడా.

గురులఘువు:
అర్థం దాకా ఎందుకండీ, గణాలు కట్టుకోండి చాలు. దె ల మజ్ వహ్, ష తె జెం దా, నె సె కం దర్. ప్రతి గణమూ రెండు లఘువులు రెండు గురువులు, అంటే మన సగణం పక్కన ఒక గురువు. చివరి గణంలో ఒక గురువు ఊడిపోతుంది, లఘువు లఘువు గురువు మిగలాలి. బె గె రెఫ్త్, సరిపోయింది. బె రఫ్త్ అంటే ఒక లఘువు తక్కువ, పాదం కుంటుతుంది. రెండో పాదం చివర బె రవమ్ చూడండి, అదీ లఘువు లఘువు గురువే. ఆ రెండో పాదం మొదట్లో "రఖ్త్" దగ్గర గురువుతో ఎత్తుకున్నాడేమిటని అడగబోయేవాళ్లకు ముందే చెప్తున్నా, మొదటి గణానికి ఆ వెసులుబాటు ఉంది.

కడప గడప:
మాస్టారు రాగానే అందరికీ గుండె దడ.

నిఘంటువు పురుగు:
ఛందస్సుతో తేలిపోయింది సరే, ఇందులో అసలు రుచి ఎవరూ ముట్టుకోలేదు. గిరిఫ్తన్ అంటే పట్టుకోవడం, దాని ముక్కే గీర్. యజ్ద్ ఇళ్ల మీద కనిపించే గాలి గోపురం పేరేమిటి? బాద్‌గీర్. బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేది. ఊరంతా నెత్తి మీద గీర్ పెట్టుకుని ఉంటే హాఫిజ్ అదే ఊరి గురించి మనసు "గిరిఫ్త్" అన్నాడు. ఇంకా లోతుకి పోతే బాద్ మన వాతం, గిరిఫ్తన్ మన గ్రహ్ ధాతువు, వేదంలో గ్రభ్. కనుక తెలుగులో బాద్‌గీర్‌ని వాతగ్రాహి అనవచ్చు.

పాతబస్తీ:
వాతగ్రాహి అంటే మోకాళ్ల నొప్పుల పేషెంట్ లెక్క ఉన్నది సార్.

కడప గడప:
అచ్చ తెలుగులో "గాలిపట్టు" అనండి. ఇంకా మంచిది, గాలి పట్టిందని భూతవైద్యుణ్ణి పిలుస్తారు. సామీ, గీర్ కోసం అంత దూరం పోవాల్నా, మా ఊర్లో వీధికొక దస్తగిరి ఉంటాడు. దస్త్ అంటే చెయ్యి, చెయ్యి పట్టుకుని నడిపించేవాడు పీర్ దస్తగీర్. దాన్ని కొండ అనుకుని శేషగిరి, వెంకటగిరి పక్కన కూర్చోబెట్టేసినాం.

పెన్నాతీరం:
జహంగీర్, ఆలంగీర్ కూడా అదే కదా, లోకాన్ని పట్టినవాళ్లు. జాగీర్ కూడా, జా అంటే చోటు. జాంగ్రీ కూడా జహంగీర్ పేరేనంటారు, దాని పూచీ నాది కాదు.

పాతబస్తీ:
దాదాగిరీ, గూండాగిరీ కూడా అక్కా.

నిఘంటువు పురుగు:
అవి వేరే కొమ్మ. కారీగర్‌లో ఉన్న గర్, దానికి ఈకారం చేరి గరీ, మన నోట్లో గిరీ. ఇక్కడ పట్టుకోవడం ఏమీ లేదు. ఈ రెంటినీ కలిపేయడం చాలా చోట్ల చూస్తున్నాను.

పాతబస్తీ:
దాదాలు పట్టుకోకుండానే దాదాగిరీ చేస్తారా సార్ :)

ఎడారిదారి:
బాద్‌గీర్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. దౌలతాబాద్ తోటలోది ఎనిమిది పలకల గోపురం, 33 మీటర్లు. దాని అడుగున నిలబడి తల ఎత్తితే పైన వెలుతురు చీలికలు, లోపల నిలువునా అడ్డుగోడలు. గాలి వచ్చే వైపు గూళ్లలోంచి లోపలికి దిగుతుంది, ఎదుటి వైపు గూళ్లలోంచి వేడి గాలి పైకి పోతుంది, కింద నీళ్ల తొట్టి ఉంది కాబట్టి దిగే గాలి చల్లబడుతుంది. బయట మిట్టమధ్యాహ్నం, లోపల మెడ మీద చెమట ఆరిపోవడం తెలుస్తోంది. గాలి అసలు లేని రోజు కూడా ఎండకి గోపురం కాగి లోపలి గాలిని పైకి లాగుతుందట. ఇంత పట్టు ఉన్న ఊళ్లో కూర్చుని ఆయనకి మనసు పట్టేసిందంటే నాకు కోపం వస్తోంది. సరే, "సికందర్ చెరసాల భయానికి నా గుండె పట్టేసింది" అని రాయొచ్చా?

పెన్నాతీరం:
గుండె పట్టేసింది అని రాస్తే చుట్టాలందరూ ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోమంటారు. తెలుగులో గుండెకి పట్టు పడదు, దిగులే వచ్చి మనిషిని పట్టుకుంటుంది. "దిగులు పట్టుకుంది" అనండి, గిరిఫ్త్ అక్షరాలా అందులోనే ఉంది. ఇంకోటి, భయం అని ఎందుకు? వహ్షత్ ఇక్కడ భయం కాదు.

పాతబస్తీ:
వహ్షత్ భయమే. ఉర్దూలో భయం, కొంచెం పిచ్చి కూడా. వహ్షీ అంటే క్రూరుడు.

నిఘంటువు పురుగు:
ఉర్దూతో హాఫిజ్‌ని చదివితే ఇదే చిక్కు. అరబీలో వహ్షత్‌కి ఎదురు మాట ఉన్స్, అంటే మచ్చిక, నలుగురితో మసిలే హాయి. వహ్షీ మొదట అడవి మృగం, మచ్చిక కానిది. మనవాళ్లంటూ ఎవరూ లేని చోట మనిషికి కలిగేదే వహ్షత్. తెలుగులో బెంగ.

గురులఘువు:
బెంగ కాదండీ, గుబులు. బెంగ ఒకరి మీద పెట్టుకుంటాం, అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. చోటు వల్ల పుట్టేది గుబులు. జైలు మీద ఎవరైనా బెంగ పెట్టుకుంటారా?

నిఘంటువు పురుగు:
షీరాజ్ మీద బెంగ, మహాశయా. రెండో పాదం ఏమంటోంది? మూట కట్టుకుని పోతా అంటున్నాడు.

గురులఘువు:
అది రెండో పాదం సంగతి. మొదటి పాదంలో "అజ్" ఉంది, వహ్షత్ "వల్ల" అని. బెంగ వల్ల దిగులు పట్టుకుంది అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. గుబులు వల్ల అయితే కారణం, కార్యం విడిగా ఉన్నాయి.

కడప గడప:
మా పక్క "బిక్కు" అంటాం. బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. చేతనైతే దీన్ని కొట్టండి.

పెన్నాతీరం:
బిక్కు నాకు నచ్చింది. ఇలాంటప్పుడు దువ్వూరి రామిరెడ్డిగారు ఉండాల్సింది, ఖయ్యాంని పారసీ నుంచి నేరుగా తెచ్చిన చెయ్యి. మా నెల్లూరాయన అని చెప్పడం లేదు, నిజంగానే.

కడప గడప:
చెప్పడం లేదు అని చెప్పేసినావు కదక్కా.

పాతబస్తీ:
రెండో పాదంల ముల్క్ సంగతి ఎవరూ అడగలేదు. ముల్క్ అంటే రాజ్యం, మన ముల్కీలో ఉన్నది అదే. రాతలో మూడు హల్లులే ఉంటాయి, మలిక్ అని చదివితే రాజు, మలక్ అంటే దేవదూత, మిల్క్ అంటే ఆస్తి. ఇది కూడా మాస్టారు గణాలతో తేలుస్తారా?

గురులఘువు:
ముల్క్, మిల్క్ రెండూ ఒకే బరువు, గణాలు సాయం చెయ్యవు. మలిక్, మలక్ మాత్రం పడవు.

నిఘంటువు పురుగు:
ముల్కే. షీరాజ్ ఉన్న ఫార్స్ సీమకు సులైమాన్ రాజ్యం అని అప్పట్లో వాడుక. అక్కడ ఏలిన అతాబేగులు "సులైమాన్ రాజ్య వారసులు" అని బిరుదు పెట్టుకున్నారు. పసర్‌గాద్‌లో పాతకాలపు పారసీక చక్రవర్తి సైరస్ సమాధిని జనం సులైమాన్ తల్లి సమాధి అని పిలిచేవాళ్లు. ఆ శిథిలాలు మామూలు మనుషులు కట్టినవి కావనుకుని సులైమాన్‌కి అంటగట్టారు. అటు సులైమాన్ అయితే ఇటు సికందర్, షీరాజ్ ఒక పక్క, యజ్ద్ ఒక పక్క. కవి తూకం వేశాడు, అంతే.

ఎడారిదారి:
అంటే ఆ మదరసా గురించి కాదా? పెద్దాయన గోడ మీద చెయ్యి వేసి మరీ చదివాడు.

నిఘంటువు పురుగు:
ఊరంతటికీ అన్నాడని కొందరు, ఈ లోకానికి, ఈ దేహానికి అన్నాడని సూఫీ వ్యాఖ్యాతలు. గజల్ ఎత్తుగడే "ఈ పాడుపడ్డ మజిలీ నుంచి వెళ్లిపోయే రోజు ఎంత హాయి" అని. కట్టడానికి ఆ పేరు పద్యం చూసి పెట్టారని నా అనుమానం. పద్యం ముందు, జైలు తర్వాత.

పెన్నాతీరం:
సూఫీ అర్థం పక్కన పెట్టండి, ఆయనకి యజ్ద్‌లో డబ్బులు రాలేదు. అసలు సంగతి అది. హుర్ముజ్ రాజు నన్ను చూడకుండానే ఎంతో ఇచ్చాడు, యజ్ద్ రాజు చూశాడు, పొగిడించుకున్నాడు, ఏమీ ఇవ్వలేదు అని ఇంకోచోట ఉన్న ఉక్రోషం అంతా వెళ్లగక్కాడు. నాకైతే వెంటనే శ్రీనాథుడే గుర్తొస్తాడు. "కుల్లాయుంచితి కోక చుట్టితి" అని కన్నడ రాజ్యలక్ష్మి ముందు మొరపెట్టుకుంటూ "దయలేదా, నేను శ్రీనాథుడన్" అన్నాడు చూడండి, అదే గొంతు. వెల్లుల్లి తిన్నానయ్యా మీ కోసం అని కూడా లెక్క చెప్పాడు.

పాతబస్తీ:
కుల్లాయి కూడా పారసీయే అక్కా. కులాహ్.

గురులఘువు:
శ్రీనాథుడి ముందు హాఫిజ్ ఎంత! సీసం ఎత్తుకుంటే శ్రీనాథుడికి సాటి ఎవరండీ. ఎండిపోయిన సీమ మీద విసుక్కోవడంలోనూ ఆయనదే పైచెయ్యి. "చిన్నచిన్నరాళ్లు చిల్లరదేవుళ్లు, నాగులేటినీళ్లు నాపరాళ్లు." ఒక్క ఆటవెలదిలో పలనాడు మొత్తం కళ్ల ముందు పెట్టేశాడు. ఫిర్యాదు కూడా చేయలేదు, ఊరికే లెక్క చదివాడు.

నిఘంటువు పురుగు:
చాటువులు. ఏది శ్రీనాథుడిదో ఏది ఆయన పేరు మీద చలామణీ అయిందో ఎవరు తేలుస్తారు?

గురులఘువు:
ఆ యతి చూస్తే తెలియడం లేదా?

ఎడారిదారి:
అందరూ కలిసి యజ్ద్‌ని పలనాడు చేసేశారు. అది పాడుపడ్డ ఊరేం కాదండీ. మట్టిలో గడ్డి కలిపి మెత్తిన గోడలు, కాహ్‌గెల్ అంటారు. సందుల మీద అక్కడక్కడ కమానులు కట్టి కప్పేశారు, సాబాత్ అని, ఎండలోంచి వచ్చి వాటి కింద దూరితే ప్రాణం లేచొస్తుంది. పాత తలుపులకి రెండు రకాల గొళ్ళేలు, ఒకటి బరువైన కడ్డీ, ఇంకొకటి సన్నటి రింగు. మగవాళ్లు వస్తే కడ్డీ కొట్టాలి, ఆడవాళ్లు రింగు కొట్టాలి, చప్పుడు బట్టి లోపల ఎవరు తలుపు తియ్యాలో తెలుస్తుంది. వాన దాదాపు పడదు, నీళ్లన్నీ కనాత్‌ల నుంచి, కొండల దగ్గర నుంచి భూమి లోపల సొరంగంలో వాలుకి నడిపించుకుంటూ తెచ్చుకున్నారు. నీళ్ల తొట్లకి కూడా బాద్‌గీర్‌లు, ఒక దానికి ఏకంగా ఆరు ఉన్నాయి. జరతుష్ట్ర మతస్థుల అగ్నిగుడిలో అద్దం వెనక మంట క్రీ.శ. 470 ప్రాంతం నుంచి ఆరలేదని చెప్తారు, గుడి మాత్రం 1934లో కట్టింది. 2017లో యునెస్కో జాబితాలోకి ఊరు ఎక్కిందంటే ఊరికే ఎక్కలేదు. హాఫిజ్ ఏం చూశాడో నాకు తెలియదు గానీ నాకు మాత్రం ఏ దిగులూ పట్టలేదు.

నిఘంటువు పురుగు:
అగ్నిగుడి అన్నారు కాబట్టి, యజ్ద్ పేరే యజత అనే మాట, పూజించదగినది. మన యజ్ఞం ధాతువు.

కడప గడప:
వచ్చేసింది. యజ్ఞం దాకా రాకుండా ఆగుతారేమో అనుకున్నా.

పెన్నాతీరం:
హాఫిజ్ యజ్ద్‌ని తిట్టడమే కాదండోయ్. ఓ సబా గాలీ, యజ్ద్ ఊరివాళ్లకి మా మాటగా చెప్పు, కృతఘ్నుల తలలు మీ చౌగాన్ (పోలో ఆట) బంతులు కావాలి అని దీవించాడు కూడా. అది పంపింది కూడా గాలితోనే. బాద్‌గీర్ ఉన్న ఊరికి గాలితో కబురు, చక్కగా పట్టుకుని ఉంటారు.

పాతబస్తీ:
దీవెన కాదు అక్కా, అది కూడా డబ్బు కోసమే.

గురులఘువు:
హాఫిజ్ షీరాజ్ దాటి ఎక్కడా కుదురుకునే రకం కాదు. గుల్బర్గా నుంచి బహమనీ సుల్తాను దారి ఖర్చులు పంపితే హుర్ముజ్ దాకా వచ్చి ఓడ ఎక్కాడు, తుఫాను చూసి దిగిపోయాడు, బదులుగా ఒక గజల్ పంపాడు. చరిత్రకారుడు ఫిరిష్తా రాసిన కథ. వచ్చి ఉంటే దక్కనులో ఆయన పాట వినిపించేది. పోనీలెండి, ఆ సముద్రం మీదే మన వర్తకులు గుర్రాలు దించారు, హరవిలాసంలో అవచి తిప్పయ్యసెట్టి గురించి శ్రీనాథుడు "హురుమంజి బలుతేజి హరుల దెచ్చె" అంటాడు. ఆ హురుమంజి ఈ హుర్ముజే. కవి భయపడ్డ చోట గుర్రాలు భయపడలేదు.

ఎడారిదారి:
మాస్టారూ, బిక్కు, గుబులు, బెంగ, ఈ మూడింట్లో ఏది పెట్టమంటారు?

కడప గడప:
ఉండు బ్రదర్, ఇక్కడ గుర్రం దొరికింది. తేజి అంటే గుర్రం కదా, తేజస్సు నుంచి వచ్చిందా?

నిఘంటువు పురుగు:
తేజస్సేమిటండీ. పారసీ తాజీ, అంటే అరబ్బు గుర్రం. అది తేజీ అయింది.

గురులఘువు:
ఆకారం ఏకారం ఎలా అయిందో చెప్పండి ముందు. ఖజానా ఖజేనా అయిందా, బజారు బజేరు అయిందా?

పాతబస్తీ:
సార్, తేజ్ అంటే పారసీలనే వేగం. తేజ్ గుర్రం, తేజీ. తాజీ దాకా పోవుడెందుకు?

నిఘంటువు పురుగు:
హురుమంజి అని ఊరి పేరు పక్కనే పెట్టి మరీ చెప్తుంటే జాతి గుర్రం గాక వేగం ఎలా అవుతుంది? పైగా "బలు" ముందు ఉంది. రేపు నిఘంటువులు తిరగేసి వస్తాను, అప్పటిదాకా ఎవరూ తీర్మానాలు చెయ్యకండి.