ప్లగ్గులో కరెంటు ఎంత? పిల్ల 230 అంది, తప్పెవరిది?

పోస్టు:
మా అక్క కూతురికి పదో తరగతి ఫిజిక్స్ చెబుతున్నాను, తెలుగు మీడియం. "ఈ ప్లగ్గులో కరెంటు ఎంత?" అని అడిగితే ఠక్కున "230 పిన్నీ" అంది. అది వోల్టేజి కదే అంటే, "మొన్న కరెంటు ఎక్కువొచ్చి టీవీ కాలిపోయిందన్నావుగా, మరి ఎక్కువొచ్చింది ఏంటి?" అని నన్నే ఎదురు అడిగింది. నిజమే, కరెంటు పోయింది అంటే సరఫరా, కరెంటు ఎక్కువొచ్చింది అంటే వోల్టేజి, కరెంటు బిల్లు అంటే వాడుకున్న యూనిట్లు, అన్నిటికీ మనకి ఒకటే మాట. పుస్తకంలో కరెంటంటే మాత్రం తీగలో ఒకచోట సెకనుకి ఎంత ఆవేశం (చార్జి) దాటిపోయిందన్న లెక్క, ఆంపియర్లలో. "విద్యుత్ ప్రవాహం" ఉంది గానీ నోటికెక్కదు. మీరైతే ఏమంటారు?

జవాబు:
"ప్రవాహం" చాలు. ముందున్న ఆ "విద్యుత్" తీసేస్తే సగం బరువు దిగిపోతుంది, ఫిజిక్స్ పాఠంలో కూర్చున్న పిల్లకి ఇది గోదావరి ప్రవాహమా అన్న అనుమానం ఎలాగూ రాదు. వోల్టేజిని "పొటెన్షియల్ భేదం" అని భయపెట్టే బదులు మెరకా పల్లం అని చెప్పండి, నీరు పల్లమెరుగు అని చిన్నప్పట్నుంచీ వింటున్నదేగా. తేడా ఎంతుంటే అంత జోరు, కాలవలో నాచు ఎంతుంటే అంత నిరోధం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం అని శాస్త్రవేత్త ఓమ్ 1827లో అచ్చువేసిన సంగతీ ఇదే.

జవాబు:
మేడమ్, నేను వైరింగ్ పని చేస్తాను, పెద్ద చదువులు లేవు. తిరకాసు మీ ప్రశ్నలోనే ఉంది. ఏమీ గుచ్చని ప్లగ్గులో వోల్టేజి 230 ఉంటుంది, కరెంటు సున్నా. పిల్లని సున్నా అనాలని మీరెప్పుడైనా చెప్పారా? మా పనిలో పేర్లతో పేచీ రాదు, ఎందుకంటే క్రియలు వేరు. వోల్టేజి "వస్తుంది", యాంప్స్ (మీ ఆంపియర్లే) సామాను "లాగుతుంది". 2000 వాట్ల గీజరు పెడితే దాదాపు 8.7 యాంప్స్ లాగుతుంది, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే ఒక యాంపులో పాతికో వంతు. వచ్చేది లైన్‌ని బట్టి, లాగేది సామానుని బట్టి. ఇంకోటి, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటే అందరూ "ఎర్త్ కొడుతోంది" అంటారు. కొట్టేది ఎర్త్ కాదండీ, ఎర్త్ సరిగా లేకపోబట్టే కొడుతోంది. ఉద్యోగానికి ఎర్త్ పెట్టాడు అనే మాట కూడా ఎక్కణ్ణుంచి పుట్టిందో గానీ, పాపం ప్రాణం కాపాడే తీగకి చెడ్డపేరు.

జవాబు:
అన్నా, "వస్తుంది – లాగుతుంది" అద్భుతం. మరి ఫ్యాను కెపాసిటర్‌ని మీవాళ్లంతా కండెన్సర్ అంటారెందుకు?

జవాబు:
మా మేస్త్రీ అదే అన్నాడు, మేమూ అదే అంటున్నాం.

జవాబు:
అది తప్పేమీ కాదు, పాత పేరు. శాస్త్రవేత్త వోల్టా 18వ శతాబ్దంలో దాన్ని కండెన్సర్ అనే అన్నాడు, పుస్తకాలు తర్వాత మార్చుకున్నాయి, షాపులు మార్చుకోలేదు. నాకు నచ్చని మాట "ఆవేశం", చార్జికి కోపమేంటి అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, సంస్కృతంలో దాని అర్థం లోపలికి చొరబడటం, ఆవహించడం. దువ్వెనని పొడి జుట్టు మీద రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టండి, దువ్వెనకి పూనకం వచ్చినట్టే ఉంటుంది. ఆ మాట ఉండనివ్వండి. ఏసీకి (చల్లబరిచే ఏసీ కాదు, దిక్కు మారుతూ ఉండే కరెంటు) "ఏకాంతర ప్రవాహం" అంటే మాత్రం పిల్లలు "ఏకాంత" అని చదువుతారు. జామెట్రీలో ఏకాంతర కోణాలు చదివి ఉంటారు కాబట్టి ఒకటి విడిచి ఒకటి అని గుర్తుచేస్తే సరి. మన ఇంటి లైన్లో సెకనుకి 50 ఆవర్తనాలు, ఒక్కోదాంట్లో రెండుసార్లు చొప్పున దిక్కు 100 సార్లు మారుతుంది, ఏకాంతం ఎక్కడిది!

జవాబు:
విద్యుచ్ఛక్తి, విద్యుదావేశం, విద్యుల్లత... "విద్యుత్" అంటే పక్కన ఏ అక్షరం కూర్చుంటే దాన్నిబట్టి వేషం మార్చే మాట, డిక్టేషన్‌లో మార్కులు తినేది ఇదే. కరెంటుకి ఆ గొడవ లేదు. పైగా కరెంటు + ఆఫీసు = కరెంటాఫీసు, చక్కటి ఉత్వసంధి. ఇంకేం కావాలి, అది తెలుగు మాటే.

పోస్టు పెట్టినావిడ:
వైరింగ్ అన్నగారికి థ్యాంక్స్, ప్రశ్న నాదే తప్పు, ఒప్పుకున్నాను. రాత్రి మళ్లీ కూర్చోబెట్టి "వస్తుంది, లాగుతుంది" అని చెబితే అయిదు నిమిషాల్లో పట్టేసింది, గీజరు లెక్క తనే వేసింది. వేసి ఊరుకుందా, "చిన్న ప్లగ్గుకీ పెద్ద ప్లగ్గుకీ వచ్చేది ఒకటే 230 అయితే గీజరు పిన్నులు అంత లావెందుకు?" అంది. "లాగేది ఎక్కువ కాబట్టి" అని నేను నోరు తెరిచేలోపే తనే అనేసింది.