11 ఏళ్ల బాబు, పది నిమిషాలకే అలసట: ఆయాసం వచ్చేంత ఆట ఎలా అలవాటు చేయాలి?

మా బాబుకి 11 ఏళ్లు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారుతోందని చూపిస్తే డాక్టరు గారు రక్తపరీక్షలు రాశారు. పరగడుపు షుగర్ 106, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 172. ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ అన్నారు. మందులు ఇవ్వలేదు. రోజుకి 60 నిమిషాలు ఒళ్లు కదలాలి, వారంలో కనీసం మూడు రోజులు బాగా ఆయాసం వచ్చేలా ఆడాలి అన్నారు. కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ అంతగా లేకున్నా రక్తంలోని గ్లూకోజ్‌ని తీసుకోగలవట, కాబట్టి బరువు తగ్గకపోయినా మేలేనట. ఆ మాటే నాకు పెద్ద ధైర్యం.

ఆచరణలోనే చిక్కు. సాయంత్రం నడకకి వస్తాడు, కానీ వాచీలో గుండె వేగం 110 దాటదు. పరిగెత్తిస్తే పది నిమిషాల్లోపే పిక్కలు పట్టేసి కూర్చుంటాడు. స్కిప్పింగ్‌తో మోకాళ్లు నొప్పి. ఫుట్‌బాల్ శిక్షణలో చేర్పిస్తే తోటి పిల్లల వేగం అందుకోలేక మానేశాడు, వాళ్లు నవ్వారట. మళ్లీ అక్కడికి పంపడం నాకిష్టం లేదు. ఉబ్బసం, థైరాయిడ్, రక్తహీనత లేవని తేలింది. నిద్ర తొమ్మిది గంటలు. సైకిల్ మాత్రం ఇష్టంగా తొక్కుతాడు, అదీ తాపీగానే.

బడి, హోంవర్క్ పోగా మాకు దొరికేది పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 40.

ఇలా త్వరగా అలసిపోయే పిల్లలకి, నొప్పులు రాకుండా, విసుగు పుట్టకుండా వేగం మెల్లమెల్లగా పెంచడానికి మీ ఇంట్లో ఏ ఆట లేదా ఏ పద్ధతి పనిచేసింది?