అక్కకి పూలతోట థీమ్‌తో బ్రైడల్ షవర్: డెకరేషన్, ఆటలు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న

అక్క పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. బ్రైడల్ షవర్ (పెళ్లికి ముందు ఆడవాళ్లంతా చేరి పెళ్లికూతురికి కానుకలిచ్చే వేడుక) బాధ్యత నా నెత్తిన పడింది. పాతికమంది ఆడవాళ్లం, మా హాల్లోనే, మధ్యాహ్నం ఓ మూడు గంటలు. పూలతోట థీమ్ అనుకున్నాం: లేత గులాబీ, తెలుపు, ఆకుపచ్చ. లేసు, ముత్యాలు, రిబ్బన్లు కూడా పెట్టాలనుంది. ఫోన్‌లో దాచుకున్న ఫోటోలు 150 దాటాయి, ఏదీ తేలడం లేదు. డెకరేషన్ మేం ముగ్గురమే చేసుకోవాలి, ఆటలు నేనే ఆడించాలి. అక్క నలుగురిలో పెద్దగా నోరు విప్పదు, అదొక టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1

ముందు ఆ ఫోటోల్లో 3 ఉంచుకుని మిగతావి తీసేయమ్మా. 150 ఫోటోలూ ఒక్క హాల్లో దూర్చబోతేనే గందరగోళం.

మూడు రంగులూ బాగున్నాయి, కానీ సమానంగా వాడకు. సగానికి పైగా తెలుపు, ఆ తర్వాత ఆకుపచ్చ, గులాబీ అక్కడక్కడా. గులాబీ ఎక్కువైతే చంటిపిల్ల పుట్టినరోజులా ఉంటుంది. ఇంకోటి, హాల్లో పసుపు లైట్లుంటే లేత గులాబీ పీచ్ రంగులోకి తిరుగుతుంది. రిబ్బన్ ముక్క ఒకటి తెచ్చి, ఆ లైటు కింద చూశాకే మిగతాది కొను.

డెకరేషన్ అంతా ఒకే గోడకి పెట్టు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడైతే మేలు, అక్క అక్కడ కూర్చుంటే వెలుతురు మొహం మీద పడుతుంది. కిటికీనే బ్యాక్‌డ్రాప్ చేశారంటే ఫోటోల్లో అందరి మొహాలూ నల్లగా వస్తాయి. మిగతా మూడు గోడల జోలికి పోవద్దు. లేసు, ముత్యాలు టేబుల్ మీద చాలు.

బెలూన్ గార్లండ్, అంటే బెలూన్ల దండ పెడతావా?

అడిగినమ్మాయి

పెట్టాలనే ఉందండీ. ఎన్ని బెలూన్లు పడతాయో తెలీదు. హీలియం అక్కర్లేదా?

జవాబు 1

గోడకి కట్టేదానికి హీలియం ఎందుకు? మామూలు గాలి చాలు, చేతిపంపు ఒకటి తెచ్చుకో. ఆరడుగుల గార్లండ్‌కి 70, 80 దాకా పడతాయి. అన్నీ ఒకే సైజు తీసుకుంటే పూసల దండలా ఉంటుంది. 5 అంగుళాలవి, 10 లేదా 12 అంగుళాలవి, 18 అంగుళాలవి ఓ నాలుగు కలుపుకో. రెండేసి ముడేసి, రెండు జతల్ని అడ్డంగా మెలితిప్పితే నాలుగింటి గుత్తి వస్తుంది. గుత్తుల్ని సన్నటి నైలాన్ దారానికి చుట్టుకుంటూ పో. సందుల్లో చిన్నవి గ్లూ డాట్స్‌తో (రెండువైపులా అంటుకునే జిగురు చుక్కలు) అంటించు. పూర్తిగా ఊదొద్దు, బేరిపండు ఆకారం వచ్చిందంటే గాలి ఎక్కువైనట్టే.

ముందురోజు రాత్రే చేసుకోవచ్చు. ఎండ మాత్రం తగలనివ్వొద్దు. నేనోసారి ఎండపడే బాల్కనీలో కట్టాను. మెరిసే బెలూన్లు గంటలో మసకబారాయి, పెళ్లికూతురు మాట్లాడుతుండగా ఒక్కొక్కటీ ఢామ్మని పేలాయి. పేలిన ప్రతిసారీ ఆవిడ మాట ఆపేసింది, నేను ఆ మూల ఎవరికీ కనిపించకుండా నిలబడ్డాను.

జవాబు 2

పూల గురించి ఎవరూ చెప్పలేదు కదా. గోడకి కాగితం పూలు, టేబుల్ మీదకి అసలు పూలు. నేనైతే అలాగే చేస్తాను.

టిష్యూ పేపర్ పువ్వుకి 8 నుంచి 10 షీట్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, విసనకర్రలా అంగుళంన్నర మడతలు వేయాలి. మధ్యలో దారంతో బిగించి, రెండు చివర్లూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి. తర్వాత ఒక్కో పొరా మధ్యవైపుకి పైకి లాగుతూ విడదీయాలి. చిరిగేది ఇక్కడే. కొస పట్టుకుని లాగకూడదు, వేలు లోపలికంటా పోనిచ్చి ముడి దగ్గర్నుంచి లేపాలి. మొదటి రెండూ పాడవుతాయి, అవి లెక్కలో వేసుకోండి.

అసలు పూలైతే ముందురోజే తెచ్చి, కింది ఆకులు తీసేసి, కాడలు ఏటవాలుగా కోసి, రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచండి. హైడ్రేంజియా (పెద్ద గుత్తిలా ఉండే పువ్వు) నీళ్లు లేకపోతే ఇట్టే తలవాలుస్తుంది, దాన్ని సీసాలో తప్ప పెట్టొద్దు. జిప్సోఫిలా (బొకేల్లో వేసే చిన్నచిన్న తెల్లపూలు) నీళ్లు లేకున్నా చాలాసేపు నిలుస్తుంది, కుర్చీలకి రిబ్బన్‌తో కట్టేందుకు అదే నయం. టేబుల్ మధ్యలో పెట్టేవి కూర్చున్నవాళ్ల గడ్డం దాటకూడదు, లేకపోతే పూలచాటు నుంచి తొంగిచూస్తూ మాట్లాడుకోవాలి.

జవాబు 3

ఆటలు మూడు మించొద్దు, ఒక్కోటి 15, 20 నిమిషాలు. అక్క మాట్లాడకపోయినా జరిగిపోయేవే ఎంచుకోండి.

గుమ్మంలోనే అందరికీ తలా ఒక బొమ్మ ఉంగరం ఇచ్చేయండి. ఎవరి నోటెంట 'పెళ్లి' అనే మాట వచ్చినా, విన్నవాళ్లు ఆ ఉంగరం లాక్కోవచ్చు. అక్కడ రెండోమాట అదే కాబట్టి ఆట దానంతటదే నడుస్తుంది.

ఇంకోటి టాయిలెట్ పేపర్ గౌను. నలుగురైదుగురేసి ఐదు జట్లు, జట్టుకి రెండు రోల్స్, 10 నిమిషాలు. పిన్నులు, టేపు నిషేధం. ఒకరిని నిలబెట్టి మిగతావాళ్లు చుట్టడమే. పలచటి పేపర్ నడుం దగ్గరే తెగుతుంది, కాస్త మందంది కొనండి. తీర్పు చెప్పేది అక్క. వేలు చూపిస్తే చాలు, మాట్లాడే పని లేదు.

కానుకలు విప్పేటప్పుడు అందరికీ విసుగు, అప్పుడు బింగో. అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు, మధ్యది వదిలేస్తే 24. వాటిలో రాబోయే కానుకల పేర్లు ఊహించి రాయమనండి. ఆ కానుక బయటికొస్తే గడి కొట్టేయాలి, ముందు ఒక వరుస నిండినవాళ్లు గెలిచినట్టు. ఒకరు మాత్రం ఆటలో చేరకుండా, ఎవరేమిచ్చారో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కానుకల మీది పేర్ల కార్డులు ఊడిపోయి కలిసిపోతే తర్వాత థాంక్స్ చెప్పడం కష్టం.

జవాబు 4

పెళ్లికొడుకుతో ముందే ప్రశ్నలకి జవాబులు వీడియో తీయించి, అక్క చేత ఊహింపచేసే ఆట బాగుంటుంది. మా దగ్గర దానికే ఎక్కువ నవ్వారు.

జవాబు 3

మాట్లాడని అమ్మాయిని అందరి ముందూ కూర్చోబెట్టి పరీక్ష పెట్టడమే అది. నేనైతే వద్దంటాను. పెట్టాలనుకుంటే ప్రశ్నలు ముందే తనకి చూపించాలి. పాత ప్రేమలు, బరువు, పిల్లలెప్పుడు లాంటివి ఒక్కటీ ఉండకూడదు, అత్తగారు ఎదురుగా కూర్చుని ఉంటారు.

అడిగినమ్మాయి

అక్కనే అడిగాను. వీడియో వద్దంది, గౌను ఆట అనగానే నవ్వింది. పిలుపులు ఎప్పుడు పంపాలి? రోజింకా ఖాయం కాలేదు.

జవాబు 1

పెళ్లికి రెండు, మూడు వారాల ముందు పెట్టుకో, మరీ దగ్గరైతే తనకి ఊపిరాడదు. పిలుపులు దానికి నెల ముందు, అంటే వచ్చే వారమో ఆ పైవారమో వెళ్లిపోవాలి.

అడిగినమ్మాయి

రోజు ఖాయం చేసుకుని ఈ రాత్రే పంపేస్తాను. ఫోటోలు 3 మిగిలాయి. టిష్యూ పువ్వు నిజంగానే మొదటి రెండూ చిరిగాయండీ, మూడోది ఫ్రిజ్ మీద ఉంది. గార్లండ్ గోడకి మేకులు కొట్టనివ్వరు, అంటించే హుక్‌లు ఆగుతాయా?

జవాబు 2

ఆగుతాయి, బెలూన్లకి బరువెంత? గోడ దుమ్ము లేకుండా తుడిచి, ఆరాక హుక్ అంటించి ఓ అరనిమిషం నొక్కిపట్టండి. గంటసేపు ఏమీ తగిలించకండి. ఆరడుగులకి ఐదు హుక్‌లు పెట్టి, ఒకటి ముందురోజే తగిలించి చూసుకోండి.