యజమాని ఇంటి నిర్బంధం నుంచి బయటపడిన మహిళ అమెరికాలో ఉండిపోవచ్చా?

వసుధ:
నమస్కారం. ఇంటిపని కోసమని ఒక కుటుంబం అమెరికాకు తీసుకువచ్చిన మహిళకు మేము కొందరం అండగా ఉన్నాము. యజమానులు ఆమె పాస్‌పోర్టును తమ దగ్గరే ఉంచుకున్నారు, జీతం ఇవ్వలేదు, గడప దాటితే పోలీసులకు పట్టిస్తామని బెదిరించారు. ఆమె బయటపడింది గానీ వీసా గడువు తీరిపోయింది. తన ఇష్టంతోనే వచ్చింది కనుక ఇది మానవ అక్రమ రవాణా కిందికి రాదని ఒకరు చెప్పారు. ఆమె ఇక్కడే స్థిరపడటానికి చట్టబద్ధమైన దారి ఉందా? ఇద్దరు చిన్న పిల్లలు స్వదేశంలో ఉన్నారు.

రామమూర్తి:
వసుధ గారూ, ఆ మాట సరికాదు. 2000 నాటి అమెరికా అక్రమ రవాణా బాధితుల రక్షణ చట్టం ప్రకారం మోసంతోనో బెదిరింపుతోనో వెట్టిచాకిరీ చేయించుకుంటే, మొదట ఇష్టపడి వచ్చిన మనిషి కూడా బాధితురాలే. పాస్‌పోర్టును అట్టిపెట్టుకోవడం, పట్టిస్తామని భయపెట్టడం ఆమె కేసుకు బలమైన ఆధారాలు.

ఆమె అడగవలసింది టీ వీసా, అంటే అక్రమ రవాణా బాధితులకు ఇచ్చే వీసా. ఐ-914 అనే దరఖాస్తుతో తనంతట తానే కోరవచ్చు, దానికి రుసుము లేదు. అక్రమ రవాణా కారణంగానే ఇక్కడ ఉన్నానని, దేశం నుంచి పంపిస్తే తీవ్రమైన కష్టాలపాలవుతానని, దర్యాప్తు అధికారుల సహేతుకమైన కోరికలకు సహకరించానని ఆమె చూపాలి. నేరం జరిగేనాటికి 18 ఏళ్లు నిండనివారికి, తీవ్ర మానసిక గాయం వల్ల సహకరించలేనివారికి ఈ చివరి షరతు నుంచి మినహాయింపు ఉంది. పోలీసుల ధ్రువపత్రం లేకపోతే దరఖాస్తే చెల్లదని చాలామంది భ్రమపడతారు. అది ఉంటే మేలే గానీ తప్పనిసరి కాదు, యజమానికి శిక్ష పడి ఉండనక్కరలేదు కూడా. నా అభిప్రాయంలో, జరిగినదంతా ఆమె తన మాటల్లో వివరంగా చెప్పుకున్న వాంగ్మూలమే అన్నిటికంటే ముఖ్యం.

వీసా మంజూరైతే నాలుగేళ్ల వరకు హోదా, దానితో పని అనుమతి వస్తాయి. ఏటా బాధితులకు ఇచ్చే టీ వీసాల పరిమితి 5,000. మూడేళ్లు ఎడతెగకుండా ఇక్కడ నివసించాక గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకేసారి 90 రోజులకు మించి, లేదా మొత్తం కలిపి 180 రోజులకు మించి విదేశంలో ఉంటే ఆ లెక్క తెగిపోతుంది.

పద్మజ:
ఒక హెచ్చరిక చేర్చవలసి ఉంది. దరఖాస్తు తిరస్కరణకు గురైతే, చెల్లుబాటయ్యే హోదా లేనివారికి బహిష్కరణ కోర్టు నోటీసు వచ్చే ప్రమాదం ఉన్నది కనుక, "కన్సల్టెంట్" అని చెప్పుకునేవారిని నమ్మకుండా వలస న్యాయవాదినో, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధినో సంప్రదించండి. ఈలోగా ఆమె దేశం విడిచి వెళ్లకూడదు.

దర్యాప్తు సంస్థ తలచుకుంటే "కంటిన్యూడ్ ప్రెజెన్స్", అంటే బాధితురాలు తాత్కాలికంగా దేశంలో ఉండే అనుమతి, కోరవచ్చు; దానితో తొలుత రెండేళ్ల రక్షణ, పని అనుమతి దొరుకుతాయి, కానీ బాధితురాలు స్వయంగా దరఖాస్తు చేసుకునే వీలు లేదు. ఆశ్రయం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం కోసం జాతీయ హాట్‌లైన్ 1-888-373-7888 రోజంతా పనిచేస్తుంది, దుభాషిని కూడా అడగవచ్చు. ప్రభుత్వ సహాయాల గురించి పాత జాబితాలను నమ్మవద్దు: 2025 చట్టం ఆహార సహాయ అర్హతను కుదించింది.

వసుధ:
ధన్యవాదాలు. పిల్లల సంగతి?

రామమూర్తి:
21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలను, భర్తను ఆమె తన దరఖాస్తుతో కలిపి గానీ తరువాత గానీ కోరవచ్చు. యజమాని బంధువుల నుంచి ప్రతీకార ప్రమాదం ఉంటే తల్లిదండ్రులకు, 18 ఏళ్లలోపు పెళ్లికాని తోబుట్టువులకు కూడా అవకాశం ఉంది. అక్కడివారికి బెదిరింపులు వస్తుంటే ఆ సందేశాలను చెరిపివేయవద్దని ఆమెకు ఈరోజే చెప్పండి.